చువాంగ్ ఆంటీకి బియ్యం మూట

మా బర్మా వాళ్ళను ఏ వేళప్పుడైనా ఆపి "అన్నం తిన్నారా?" అని అడిగి చూడండి. తిన్నాం అంటారు. అప్పుడే మంచం దిగినవాడూ అదే అంటాడు, ముందురోజు నుంచి కడుపులో మెతుకు పడనివాడూ అదే అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. లేదన్నామనుకోండి, అడిగిన మనిషి లేచి పొయ్యి వెలిగించాలి, ఎసరు పెట్టాలి. మన కడుపు కోసం ఇంకొకరికి ఆ శ్రమ దేనికి? ఈ గుణాన్ని మేం 'ఆనాడే' అంటాం. మొహమాటం అనుకోండి. కాకపోతే మా మొహమాటం మొహం దగ్గర ఆగదు. కడుపు దాకా దిగుతుంది. డా మ్యా యిన్ విషయంలో అయితే కళ్ళ దాకా ఎక్కింది.

డా అంటే గారు అన్నట్టే. డెల్టాలో మా ఊరికి నాలుగు రేవుల అవతల ఆమె ఊరు. పడవల రేవులో పకోడీలు వేసి అమ్మి కొడుకుని పెంచింది. ఆ కొడుకు తెయిన్ ఇప్పుడు మేం వలస వచ్చిన ఈ తెల్లవాళ్ళ దేశంలో, మాంటెరే పార్కు అనే ఊళ్ళో ఒక సూపర్ మార్కెట్టులో, జపాన్ వాళ్ళలా తలకి గుడ్డ కట్టుకుని, పచ్చి చేపని ముక్కలు కోసి సూషి చుడుతుంటాడు. ఈ చుట్టుపక్కల తెల్లవాళ్ళు జపాన్ తిండి అని తినేదంతా మా బర్మా కుర్రాళ్ళ చేతి తిండే. వాళ్ళు మాత్రం ఇంటికొచ్చి వేడి అన్నంలో చేపల కారం కలుపుకుంటారు.

డా మ్యా యిన్‌కి షుగరు. అది కళ్ళకి పాకింది. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి కంట్లో సూది వేయించుకోవాలి. రెండు బస్సులు మారాలి. నేను తీసుకెళ్తానంటే, "కొట్టు మూసి వస్తావా నాయనా, వద్దు, యమోన్ వాళ్ళమ్మ తీసుకెళ్తానంది" అనేది. యమోన్ వాళ్ళమ్మతో "కో ప్యూ తీసుకెళ్తున్నాడు" అనేది. కో ప్యూ అంటే నేనే; యమోన్ మా బర్మా వాళ్ళ పిల్లే, ఆమె సంగతి తర్వాత. కొడుకుతో మా ఇద్దరి పేర్లూ చెప్పేది. మేం ముగ్గురం ఒకరి మీద ఒకరం భరోసా పెట్టుకుని నిశ్చింతగా ఉంటే, ఆమె ఒక్కతే బస్టాపులో ఉండేది. ఇంకొక్కసారి సూది తప్పిందంటే ఎడమ కన్ను ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి తెయిన్‌కి చెప్పాడు. అప్పటిదాకా తప్పిన సంగతే మాకెవరికీ తెలీదు.

"మా అమ్మ నాకు చెప్పదన్నా," అన్నాడు తెయిన్, మా కొట్లో టీ ముందు పెట్టుకుని తాగకుండా. "చెబితే నేను సెలవు పెట్టాలి. సెలవు పెడితే జీతం కోస్తారు. అందుకని కన్ను కోసుకుంటోంది."

నా టీ కొట్టు గార్వీ రోడ్డు మీద ఉంది. ఒక పక్క బట్టలుతికే మిషన్ల షాపు, ఇంకో పక్క పళ్ళ డాక్టరు. మూడింటికీ యజమానురాలు చువాంగ్ ఆంటీ. తైవాన్ మనిషి. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ఎండాకాలంలో కూడా విప్పని చేతుల్లేని దూది కోటు, మడిచి మడిచి మెత్తబడిపోయిన ప్లాస్టిక్ సంచి. వచ్చినప్పుడల్లా నా బల్ల మీద కాగితం రుమాళ్ళు గుప్పెడు తీసి ఆ సంచిలో వేసుకుంటుంది. వాళ్ళ దేశంలో కొట్టువాడిచ్చే రసీదు మీద లాటరీ నంబరు ఉంటుందట. ఇక్కడ అలాంటిదేమీ లేదని తెలిసి కూడా, వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క రసీదు పారేసి ఎరగదు.

మా టీ కొట్లలో టీ ఇచ్చే మనిషిని పిలవడానికి పేరుతో పనిలేదు. పెదాలు ముందుకు చాచి ముద్దు చప్పుడు చేస్తే చాలు. ఆంటీ మొదటిసారి కొట్లోకి వచ్చిన రోజు వెనక బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన ఇంకో టీ కోసం ఆ చప్పుడు చేశాడు. ఆమె గిర్రున తిరిగి చూసింది. నేను పాలు కాస్తూ వినిపించుకోలేదు. ఆయన మళ్ళీ చేశాడు. అద్దె పెంచుతానని నా మీద పడింది. సంగతి వివరించి చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. తర్వాత తర్వాత తనే నేర్చుకుంది. ఇప్పుడు కొట్టు మొత్తంలో ఆమె ముద్దే గట్టిగా వినిపిస్తుంది.

"వ్యాపారం ఎలా ఉంది కో ప్యూ?" అంటుంది.

"ఏం వ్యాపారం ఆంటీ. ఈగలు తోలుకుంటున్నా."

"నీకు ఈగలైనా వస్తున్నాయి. నా పన్నులు చూస్తే ఈగలు కూడా ఏడుస్తాయి."

బాగుందన్నానంటే అద్దె పెరుగుతుంది. అందుకని ఆమె ఎదట మాత్రం నేనూ తైవాన్ వాణ్ణయిపోతాను. ఆమె గుమ్మం దాటగానే మళ్ళీ బర్మా వాణ్ణి.

ఆమె ఊరికే అలా తయారవలేదు లెండి. మొగుడూ పెళ్ళామూ వచ్చిన కొత్తలో ఒక మోటల్ తీసుకుని, పనివాళ్ళని పెట్టుకునే తాహతు లేక, దుప్పట్లు వాళ్ళే ఉతికారు, మరుగుదొడ్లు వాళ్ళే కడిగారు. ఆ మోటల్ లోంచి బిల్డింగులు పుట్టాయి. ఆయన పోయాడు, బిల్డింగులు ఉన్నాయి, భయం కూడా అలాగే ఉంది. ఉందని నోరు జారితే అప్పు అడిగేవాళ్ళూ పన్ను వేసేవాళ్ళూ దొంగలూ ముగ్గురూ కిటికీ పక్కనే వింటున్నారని ఆమె నమ్మకం.

ఇలా ఉండగా ఒక ట్రస్టు వాళ్ళు ముసలివాళ్ళని ఆసుపత్రులకి తిప్పడానికి ఒక వ్యాను ఇస్తామన్నారు. డ్రైవరుతో సహా. మా బర్మా పెద్దల సంఘం అర్జీ పెట్టింది. తైవాన్ పెద్దల సంఘమూ పెట్టింది. వ్యాను ఒకటే. సరే, ఈ రెండు జనాల్లో ఎవరి ఆర్థిక పరిస్థితి ఎలా ఉందో పోల్చి చూసి, ఎవరికి ఎక్కువ ఇబ్బందో వాళ్ళకే ఇద్దామన్నారు. ఆ పోల్చే పని మా యమోన్‌కి అప్పగించారు.

యమోన్ ఇక్కడే పుట్టిన పిల్ల. సమాజశాస్త్రం చదివింది. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. బర్మా భాష మాత్రం వాళ్ళమ్మ వంటింట్లో వాడినంత మేరకే వచ్చు. "బాబాయ్, నువ్వు కూడా రా, పెద్దవాళ్ళు నన్ను చూస్తే స్కూలు సంగతులు అడుగుతారు తప్ప నా ప్రశ్నలకి జవాబు చెప్పరు" అంటే వెంట వెళ్ళాను. మొట్టమొదట డా మ్యా యిన్ ఇంటికే.

యమోన్ కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకుంది.

"అమ్మమ్మా, అన్నం తిన్నారా?"

"తిన్నాను తల్లీ. నువ్వు తిన్నావా?"

"తిన్నాను," అంటూ యమోన్ కాగితం మీద ఏదో గీసింది. నేను పలకరింపే అనుకున్నాను. "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నేనూ తెయినూ. ఆ గదిలో మా ఊరి కుర్రాళ్ళు నలుగురు. కొత్తగా వచ్చారు పాపం, ఎక్కడికి పోతారు?"

"అద్దె ఇస్తారా వాళ్ళు?"

"ఎలా అడుగుతామమ్మా? వాళ్ళకీ ఇవ్వాలనే ఉంటుంది. అడిగితే లేదని చెప్పాలి కదా, నొచ్చుకుంటారు."

ఇంటి వైశాల్యం అన్నచోట యమోన్ 'ఇతరులకు ఆశ్రయం ఇవ్వగల స్థితి' అని రాసింది.

"నెలనెలా ఎవరికైనా సాయం చేస్తుంటారా?"

డా మ్యా యిన్ మొహం విప్పారింది. "మన మఠానికి ఇస్తాం. ఊళ్ళో బడి కప్పుకి ఇచ్చాం. వరదప్పుడు పంపాం. ఈ ఏడాది భిక్షువులకి చీవరాలు మేమే ఇద్దామని తెయిన్‌తో అన్నాను."

'మిగులు ఉంది' అని రాసింది యమోన్.

"డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇబ్బందేమైనా ఉందా?"

నేను గట్టిగా దగ్గాను. డా మ్యా యిన్ నా వైపు కాకుండా నాకు కాస్త పక్కగా చూసి నవ్వింది.

"ఏం ఇబ్బంది తల్లీ? బస్సు ఇంటి ముందే ఆగుతుంది. కో ప్యూ తీసుకెళ్తానంటాడు, మీ అమ్మ తీసుకెళ్తానంటుంది. అందరూ బంగారం."

"మరి ఎవరు తీసుకెళ్తున్నారు?"

"అందరూనమ్మా."

"కంటి సంగతి చెప్పు పెద్దమ్మా," అన్నాను ఇక ఆగలేక.

"కంటికేం? నువ్వు కనిపిస్తున్నావుగా. కాస్త లావయ్యావు కూడా."

వచ్చేటప్పుడు మా చేత రెండేసి గిన్నెలు మొహింగా తాగించి, ఊరవేసిన తేయాకు ఒక సీసా నిండా ఇచ్చి పంపింది. ఆ చేపల పులుసు కొడుకు రాత్రి తిండి అని నాకు తెలుసు. వద్దంటే నొచ్చుకుంటుందని నేనూ తాగేశాను. ఆనాడే నాకూ ఉంది కదా.

మర్నాడు చువాంగ్ ఆంటీ ఇంటికి. కొండ వాలు మీద ఇల్లు. ముందు గేటు తీయలేదు. గ్యారేజీ షట్టరు పైకెత్తి అటునుంచి రమ్మంది. ఆ కాలనీలో చాలా ఇళ్ళలో వంట గ్యారేజీలోనే. లోపలి వంటిల్లు అద్దంలా ఉంటుంది, నూనె చుక్క పడితే పాడవుతుందని అందులో వండరు. గ్యారేజీలో ఒంటి పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. మడత కుర్చీలు వేసి కూర్చోమంది. లోపలి తలుపు సందులోంచి పాలరాతి నేల నాకు కనిపించింది. యమోన్‌కి గోడే కనిపించింది. కుర్చీలు వేసిన తీరు అలాంటిది.

"ఆంటీ, మీకు సరిపడా తిండి ఉందా?" ఆంటీని ఇంగ్లీషులోనే అడిగింది. అంచేత ప్రశ్న ప్రశ్నలాగే వెళ్ళింది.

"ఏం తిండమ్మా. పొద్దున చిలగడదుంప గంజి." గిన్నె మూత తీసి చూపించింది. "రాత్రీ చిలగడదుంప గంజే."

కొలెస్టరాలుకి డాక్టరు అదే తినమన్నాడని వారం కిందటే నా కొట్లో విసుక్కుంది.

"ఇల్లు సొంతమేనా?"

"బ్యాంకుది."

ఆ బ్యాంకులో ఆమెకి వాటాలున్నాయి. నా నాలుక చివరి దాకా వచ్చింది. నేను అద్దెకున్నవాణ్ణి. నాలుక వెనక్కి తీసుకున్నాను.

"కారు?"

"అబ్బాయిది. నేను బస్సులో తిరిగే మనిషిని." కోటు జేబులోంచి ముసలివాళ్ళ బస్ పాసు తీసి చూపించింది.

"బిల్డింగులు ఉన్నాయని..."

"అవి కంపెనీవి."

"కంపెనీ ఎవరిది?"

"కుటుంబానిది."

"కుటుంబమంటే మీరేగా?"

"నేను ముసలిదాన్ని. కుటుంబమంటే పిల్లలు."

"చలికాలం హీటరు వేసుకుంటారా?"

"కోటు ఉందిగా."

"ఎవరికైనా సాయం చేస్తుంటారా?"

"నాకెవరు చేస్తున్నారమ్మా?" అంది ఆంటీ, ఆ మాట అనేటప్పటికి నిజంగానే గొంతు కాస్త బొంగురుపోయింది. యమోన్ కళ్ళు చెమర్చాయి. గ్యారేజీలో వంట, హీటరు లేదు, రెండు పూటలా గంజి అని కింద గీత గీసి మరీ రాసుకుంది.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. యమోన్ దాన్ని మా కొట్టుకే తెచ్చి చదివింది. అట్ట మీద రెండు బొమ్మలు. బర్మా వాళ్ళు పచ్చ రంగులో ఉన్నారు, అంటే క్షేమం. తైవాన్ వాళ్ళు ఎర్ర రంగులో ఉన్నారు, అంటే తిండికి కూడా ఇబ్బంది. వ్యాను వాళ్ళకి ఇవ్వడం న్యాయం. శనివారం నాడు వాళ్ళ హాల్లో ట్రస్టు మేడం వచ్చి రెండు సంఘాల ఎదటా చివరి మాట చెబుతుంది.

కొట్లో ఎవరైనా బల్ల గుద్దుతారని ఎదురు చూశాను. సూషి కుర్రాళ్ళున్నారు, నర్సింగ్ హోములో పనిచేసే ఆడవాళ్ళున్నారు, ఒకే గదిలో ఆరుగురు పడుకునేవాళ్ళున్నారు. తాము పచ్చగా ఉన్నామని విని వాళ్ళకి కాస్త గర్వంగానే ఉన్నట్టు కనిపించింది.

"పాపం," అంది డా మ్యా యిన్. "చిలగడదుంపలేనా? అన్నమే లేదా?"

"అద్దె వసూళ్ళకి వచ్చినప్పుడు రుమాళ్ళు ఎందుకు పట్టుకెళ్తుందో ఇప్పుడు తెలిసింది," అన్నాడు వెనక బల్ల ముసలాయన. "నేను తప్పుగా అనుకున్నాను."

అంతే. నా కళ్ళముందే చందా మొదలైంది. మా వాళ్ళకి దానం అని వినిపిస్తే చెయ్యి జేబులోకి దానంతట అదే వెళ్తుంది. డా మ్యా యిన్ తన గ్లాసు బోర్లించి పక్కన పెట్టి, సాసరు ముందుకి తోసింది. సాసరు నిండింది. మల్లెపూల వాసన బియ్యం బస్తా ఒకరు తెస్తామన్నారు. నూనె డబ్బాలు ఇంకొకరు.

యమోన్‌ని పక్కకి లాక్కెళ్ళాను.

"నువ్వు రాసింది తప్పమ్మాయ్."

"వాళ్ళు చెప్పిందే రాశాను బాబాయ్."

"చెప్పింది రాశావు. చెప్పనిది?"

"చెప్పనిది రాయడానికి నా కాగితంలో చోటు లేదు."

"మొదటి ప్రశ్న ఏమని అడిగావు మన వాళ్ళని?"

"తిన్నారా అని. సరిపడా తిండి ఉందా అన్నదానికి."

"ఎంతమంది తిన్నామన్నారు?"

"అందరూ."

"నీ జన్మలో ఎవరైనా బర్మా మనిషి తినలేదని అనగా విన్నావా?"

యమోన్ ఆలోచించింది. "మా నాన్న..." అని మొదలుపెట్టి ఆగింది. "లేదు. ఆపరేషనని డాక్టరు పస్తు పెట్టిన రోజు కూడా ఎవరో అడిగితే తిన్నాననే అన్నాడు." పక్కనున్న టీ పొడి డబ్బా మీద కూర్చుంది. "బాబాయ్, నివేదిక పంపేశాను. ఇప్పుడు నేను మార్చడానికి లేదు. శనివారం ఎవరైనా లేచి, నాకు ఈ ఇబ్బంది ఉంది, వ్యాను కావాలి అని మేడంతో చెబితే లెక్కలోకి తీసుకుంటారు. అమ్మమ్మ చెబితే చాలు."

ఆ సాయంత్రమే డా మ్యా యిన్ దగ్గరికి వెళ్ళాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చూసి కాదు, వేళ్ళతో తడిమి.

"పెద్దమ్మా, శనివారం లేచి ఒక్క మాట చెప్పు. కన్ను పోతుందని చెప్పు."

"ఆకలితో ఉన్నవాళ్ళ చేతిలోంచి వ్యాను లాక్కోమంటావా?"

"వాళ్ళకి ఆకలి లేదు పెద్దమ్మా. ఆవిడ కొలెస్టరాలు తగ్గడానికి తింటోంది ఆ గంజి."

"పస్తున్నవాళ్ళని ఎగతాళి చెయ్యకు కో ప్యూ. మీ అమ్మ అలా పెంచలేదు నిన్ను."

మా అమ్మని కూడా మధ్యలోకి తెచ్చాక ఇంకేం మాట్లాడతాను.

శనివారం వచ్చింది. తైవాన్ వాళ్ళ హాల్లో అడుగుపెట్టి చూస్తే, మంచి మంచి ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళంతా బీరువా అడుగునుంచి వెతికి తీసిన బట్టలతో వరసగా కూర్చున్నారు. చువాంగ్ ఆంటీ మోకాలి దగ్గర రఫూ చేసిన ప్యాంటు వేసుకుంది. పక్కన రిటైరైన పళ్ళ డాక్టరు వెయ్ గారు, మా కొట్టు పక్కాయన తండ్రి, ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి ముదురు నీలం. అందరికీ తలా ఒక గ్లాసు వేణ్ణీళ్ళు. ట్రస్టు మేడం డెల్గాడో ముందు బల్ల దగ్గర జాలిగా కూర్చుంది.

అప్పుడు మా వాళ్ళు వచ్చారు. పెద్ద సభ అనేసరికి పట్టు లుంగీలు తీశారు. ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకున్నారు. తెయిన్ భుజం మీద బియ్యం బస్తా. వెనక నూనె డబ్బాలు, ఆ వెనక మొహింగా డేగిసా, దాని వెనక గిన్నెలు. అందరికన్నా ముందు డా మ్యా యిన్, రెండు చేతులా ఒక కవరు పట్టుకుని, అడుగు తడుముకుంటూ నడుస్తోంది. మేడం ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది, నివేదిక మీద పచ్చ ఎరుపు సరిగ్గానే వేశారని తల ఊపింది.

తెయిన్ బస్తా తెచ్చి చువాంగ్ ఆంటీ కాళ్ళ దగ్గర దించాడు.

"ఇదేంటి?" అంది ఆంటీ.

"బియ్యం అక్కా," అంది డా మ్యా యిన్. వాళ్ళిద్దరికీ మధ్యలో ఉన్న భాష విరిగిన ఇంగ్లీషే, అయినా ఒక్క ముక్క అర్థంకాకుండా పోలేదు. "ఇక గంజి కాచుకోవద్దు. అన్నం వండుకోండి. ఇదిగో, గ్యాసు ఖర్చుకి."

కవరు ఆమె చేతిలో పెట్టింది. వెనక నిలబడ్డ మా వాళ్ళంతా, దానం చేసినప్పుడు అనే అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో "సాధు, సాధు, సాధు" అన్నారు. హాలు కప్పు అదిరింది.

ఆంటీ కవరు కేసి చూసింది. బస్తా కేసి చూసింది. నా కేసి చూసింది. నేను డేగిసా మూత సర్దుతున్నట్టు వంగాను. సరిగ్గా అప్పుడే వెయ్ గారు ఫక్కున నవ్వాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

"ఎవరికి బియ్యం?" అంటూ లేచింది ఆంటీ. "నాకా? ఈవిడ నాకు బియ్యం ఇస్తుందా? వాడి టీ కొట్టు ఎవరిదనుకుంటున్నారు? నాది. దాని పక్కదీ నాది. అవతలదీ నాది. నాకు మూడు బిల్డింగులున్నాయి."

యమోన్ కలం తెరిచింది.

"నవ్వుతావేం?" అని ఆంటీ వెయ్ గారి మీదకి తిరిగింది. "నీకు రెండు మోటళ్ళున్నాయని నేను చెప్పానా ఎప్పుడైనా?"

"రెండు కాదు, మూడు," అన్నాడాయన పౌరుషం ఆగక.

"మరి అమ్మేశానన్నావే," అంది వెనక వరసలోంచి ఒకావిడ.

"ఒకటి అమ్మి రెండు కొన్నాను."

ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న ఆస్తులన్నీ ఒకదాన్ని తోసుకుని ఒకటి బయటికి వచ్చాయి. ఒకావిడ తన కొడుకు పడవ గురించి చెప్పి, ఎవరూ నమ్మకపోతే ఫోనులో ఫొటో చూపించింది. మేడం డెల్గాడో కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సరే," అంది చివరికి. "మీకు ఇబ్బంది లేదు. వాళ్ళకీ ఇబ్బంది లేదని ఇక్కడ రాసి ఉంది. అయితే ఈ వ్యాను ఎవరికీ అక్కర్లేదన్నమాట. ఇంకో ఊరికి ఇచ్చేస్తాం." డా మ్యా యిన్ వైపు తిరిగింది. "మీకు కావాలా అమ్మా?"

 లే పెద్దమ్మా, ఒక్క మాట అను అని మనసులో మొక్కుకున్నాను.

"వద్దమ్మా," అంది డా మ్యా యిన్ నవ్వుతూ. "మాకు బస్సు ఉంది."

"బస్సు ఉందా?" చువాంగ్ ఆంటీ ఇంకా కూర్చోలేదు. కవరు ఇంకా చేతిలోనే ఉంది. "మేడం, ఈవిడ మాట వినకండి. బస్టాపులో నా పక్కనే కూర్చుంటుంది ఈవిడ. ఏ బస్సు వచ్చినా లేచి నిలబడుతుంది. నంబరు కనబడదు. నన్ను అడగదు. డ్రైవర్ని అడగదు. ఎక్కేస్తుంది. ఎక్కడికో పోయి, మళ్ళీ తిరిగొచ్చి, అదే బెంచీ మీద కూర్చుంటుంది. పోయిన నెల ఆసుపత్రికని ఎక్కి గుర్రప్పందేల దగ్గర దిగింది."

"అక్కడ గుర్రాలు బాగున్నాయి అక్కా," అంది డా మ్యా యిన్ మెల్లిగా.

"నీకు గుర్రాలు కనిపించాయా?"

డా మ్యా యిన్ తలలో పువ్వు సర్దుకుంది.

"చప్పుడు బాగుంది," అంది.

తెయిన్ తలకి చుట్టుకున్న గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పని మధ్యలో వచ్చాడు, అది విప్పడం మర్చిపోయాడు పొద్దుట్నుంచీ.

యమోన్ లేచి ఆంటీ దగ్గరికి వచ్చింది. కాగితం కొత్త పేజీ తిప్పింది. "ఆంటీ, మీ గురించి కాదు. ఈ అమ్మమ్మ గురించి అడుగుతాను. ఈవిడకి సరిపడా తిండి ఉందా?"

"బస్సులో పక్కన కూర్చుంటే కడుపు అరుపు వినబడదా నాకు? అడిగితే తిన్నానంటుంది. మోటల్లో గదులు కడిగే రోజుల్లో నేను కూడా అనేదాన్ని అలాగే." ఆ చివరి మాట ఎందుకు అనేసిందో అనుకుని కాబోలు, వెంటనే వెయ్ గారి కేసి ఉరిమి చూసింది. ఈసారి ఆయన నవ్వలేదు.

మేడం డెల్గాడో అక్కడికక్కడే నివేదిక మూసేసి, మళ్ళీ మొదట్నుంచీ అడిగి రమ్మంది యమోన్‌ని. ఎవరి సంగతి వాళ్ళని కాదు, పక్కవాళ్ళని అడగమంది. ఈసారి పని ఇట్టే అయిపోయింది. తమ గురించి నోరు విప్పని జనం పక్కవాళ్ళ గురించి కాగితాలు చాలనంత చెప్పారు. వ్యాను మాకు వచ్చింది.

డా మ్యా యిన్ ఆ బియ్యం మూట నిజంగా జాలిపడే తీసుకెళ్ళిందా, ఇంకేమైనా అనుకుందా అని నేను ఒకటి రెండుసార్లు అడిగాను. "వాళ్ళు ఆకలితో ఉన్నారని మీ యమోనే కదా చదివింది" అంటుంది. రేవులో పడవలవాళ్ళకి పకోడీలు అమ్మిన మనిషి, మరీ అమాయకురాలేం కాదు. నాకిప్పటికీ తెలీదు.

బియ్యం ఆంటీ దగ్గరే ఉండిపోయింది. ఊరికే వచ్చినదాన్ని తిరిగిచ్చే అలవాటు ఆమెకి లేదు. కవరు మాత్రం తిరిగిచ్చేస్తానని పట్టుబట్టింది. ఇచ్చిన దానం వెనక్కి తీసుకుంటే మాకు పాపం. నా కొట్టు గుమ్మంలో ఒకరి చేతుల్లోకి ఒకరు తోసుకుంటూ కుస్తీ పట్టారు. అటు ఆంటీ పండగకీ పెళ్ళికీ డబ్బు కవర్లు తోయడంలో పేరుపడ్డ జాతి, ఇటు మా పెద్దమ్మ రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది. ఆఖరికి ఆంటీ ఆ కవరు మా పెద్దల సంఘం సభ్యత్వానికి రుసుము కింద కట్టేసింది. మిగతాది వెనక్కి ఇవ్వమంది.

సభ్యురాలు కనక వ్యాను ఎక్కే హక్కు ఉంది. ఆసుపత్రి దారిలోనే చిలగడదుంపలు చవగ్గా దొరికే మార్కెట్టు ఉంది. మొదటి రోజు డ్రైవరు తలుపు తీసేసరికే ఆంటీ దూది కోటుతో ముందు సీట్లో కూర్చుని ఉంది. డ్రైవరు ఫోను చూసుకుంటుంటే, ఆలస్యమవుతోందని పెదాలు చాచి గట్టిగా ముద్దు చప్పుడు చేసింది. అతను మెక్సికో కుర్రాడు. పాపం, సీటు బెల్టు పెట్టుకోవడం మర్చిపోయి బండి కదిలించాడు.

డా మ్యా యిన్‌ని ఎక్కించడానికి నేను కూడా వెళ్ళాను. ఆంటీ వెనక్కి తిరిగింది.

"తిన్నావా?" అంది.

"తి..." అంది డా మ్యా యిన్. అక్కడ ఆగిపోయింది. నోట్లో అలవాటుగా తయారై ఉన్న మాటని ఎటు తిప్పాలో తెలీక చాలాసేపు అలాగే ఉంది. "లేదక్కా."

ఆంటీ మెత్తబడిన ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టింది. నా కొట్టు రుమాల్లో చుట్టిన ఉడికించిన చిలగడదుంప తీసింది. రెండుగా విరిచింది. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కొలుచుకుని చూసి, చిన్నది తను ఉంచుకుంది.

"రుమాలు పారెయ్యకు," అంది. "మడిచి ఇచ్చెయ్."